సైలెన్సర్‌లో తెల్ల పొగ, బాటిల్‌లో తగ్గిపోయే కూలెంట్: హెడ్ విప్పించే ముందు చేయాల్సిన పరీక్షలు

ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, నింపిన వారం పది రోజులకే బాటిల్‌లో మట్టం కింది గీత దాటి దిగిపోతుంది. కారు నిలిపిన చోట తడి ఉండదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ కాసేపు వణుకుతుంది, సైలెన్సర్ నుంచి తెల్లగా పొగ వస్తుంది. గ్యారేజీకి తీసుకెళ్తే బానెట్ ఎత్తి, ఆయిల్ మూత తిప్పి చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, హెడ్డు దింపాలి" అంటారు. హెడ్ అంటే సిలిండర్లని పైనుంచి మూసే భాగం. ఆ మాట నిజం కావచ్చు, కాకపోనూవచ్చు. ఇవే లక్షణాలు చూపించే లోపాలు అరడజను దాకా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి హెడ్ ముట్టుకోనక్కర్లేదు. కూలెంట్ ఏ సిలిండర్‌లోకి పోతోందో, లేదా ఏ భాగం గుండా పోతోందో చూపించగలిగే దాకా హెడ్ బోల్టు మీద పానా పడకూడదన్నది నా పట్టుదల. ఆ రుజువు ఎలా రాబట్టాలో, ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టి వరసగా చెబుతాను. నేనుండేది చెన్నైలో కాబట్టి ఇక్కడి ఎండ, నీళ్ళు, రోడ్ల సంగతి మధ్యమధ్యలో వస్తుంటుంది.

కూలెంట్ లోపలికి పోయే దారులు

ఇంజన్ బ్లాక్‌కి, పైనున్న హెడ్‌కి మధ్య ఉండే పలచని రేకే హెడ్ గ్యాస్కెట్. మంట మండే సిలిండర్, ఆయిల్ దారి, కూలెంట్ దారి ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి కలవకుండా ఆపేది అదే. అది ఎక్కడ తెగితే అక్కడి రెండు దారులు కలుస్తాయి. సిలిండర్‌లోకి కూలెంట్ వస్తే ఆవిరై సైలెన్సర్ గుండా పోతుంది. ఆయిల్ దారిలోకి వస్తే కింద చాంబర్‌లో ఆయిల్‌తో కలుస్తుంది. హెడ్‌లోనో బ్లాక్‌లోనో బీట పడినా ఇదే జరుగుతుంది. ఇవి కాక డీజిల్ బళ్ళలో ఈజీఆర్ కూలర్, కొన్ని బళ్ళలో ఆయిల్ కూలర్, కూలెంట్‌తో చల్లబడే టర్బో కూడా అనుమానితులే. వీటి సంగతి తర్వాత చూద్దాం.

పరీక్షలు మొదలుపెట్టే ముందు మూడు జాగ్రత్తలు. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తిప్పవద్దు. మూత మీద 0.9 అనో 1.1 అనో ముద్రించి ఉంటుంది, అది బార్లలో ఒత్తిడి. 1.1 బార్ ఒత్తిడిలో మామూలు నీళ్ళే 120 డిగ్రీలు దాటితే గానీ మరగవు. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి, లోపలున్నదంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. రెండోది, కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. తీసిన కూలెంట్‌ని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బేసిన్‌లో వదిలేస్తే కుక్కలో పిల్లలో నోరు పెట్టే ప్రమాదం ఉంది. మూడోది, మట్టం బాగా పడిపోయిన కారుని రాత్రంతా నిలిపాక పొద్దున సెల్ఫ్ కొడితే "టక్" మని ఆగిపోయిందనుకోండి, మళ్ళీ కొట్టవద్దు. సిలిండర్ నిండా ద్రవం చేరి ఉండవచ్చు. ద్రవం గాలిలా నొక్కుకుపోదు కాబట్టి వంగేది కనెక్టింగ్ రాడ్డే. ముందు ప్లగ్గులు విప్పాల్సిందే.

మొదట: నిజంగా లోపలికే పోతోందా?

కూలెంట్ వ్యవస్థ మూసి ఉండే వ్యవస్థ. ఏడాదికి కాస్త తగ్గడం మామూలే, వారానికో గ్లాసు తగ్గడం మాత్రం కాదు. పొద్దున్నే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ఒకే చోట, చదునైన నేల మీద బాటిల్ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. రోజూ ఓడోమీటర్ అంకె, మట్టం రాసిపెట్టండి. వేడి మీద చూసిన మట్టాన్ని చల్లటి మట్టంతో పోల్చి కంగారుపడే వాళ్ళు చాలామంది.

తర్వాత బయటి లీకులు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, దాని చుట్టూ ఎండిన ఆకుపచ్చ లేదా గులాబీ రంగు పొరలు కనిపిస్తే పంపు సీలు పోయినట్టే. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకులు అల్యూమినియంకి అతుక్కునే అంచు, హోస్ పైపుల క్లిప్పులు, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వు) హౌసింగ్ చూడండి. వేడి ఇంజన్ మీద పడిన చుక్క నేల చేరేలోపే ఆవిరైపోతుంది, అందుకే కింద తడి లేదంటే లీకు లేదని కాదు. చెన్నైలో హీటర్ ఎవరు వేస్తారని హీటర్ కోర్‌ని, అంటే కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్‌ని, వదిలేయకండి. మీరు వేసినా వేయకపోయినా చాలా కార్లలో కూలెంట్ అందులో తిరుగుతూనే ఉంటుంది. ముందు సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. తడిగా, జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే మీ కూలెంట్ వెళ్ళింది కారు లోపలికే గానీ ఇంజన్‌లోకి కాదు. ఏసీ నుంచి కారు కింద పడే నీళ్ళు వేరు. వాటికి రంగూ వాసనా ఉండవు, జిగటా ఉండదు.

మూత రబ్బరు కూడా చూడాలి. అది ఎండిపోయి బీటలు వారితే ఒత్తిడి నిలవదు, కూలెంట్ మరిగి ఓవర్‌ఫ్లో గొట్టం గుండా రోడ్డు మీదే పోతుంది. మా అపార్ట్‌మెంట్‌లో నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒకాయనకి హెడ్ గ్యాస్కెట్ అని ఎస్టిమేట్ కూడా రాసిచ్చారు. చివరికి అది మూత. కొత్త మూత వేశాక మట్టం గీత దగ్గరే నిలబడింది.

పొగను చదవడం

లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందుకే చల్లటి ఉదయం సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి, చివర్న నీటి చుక్కలు రావడం ఆరోగ్యమైన ఇంజన్‌కి కూడా సహజమే. బెంగళూరులో డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఇది చాలాసేపు కనిపిస్తుంది. చెన్నైలో అంత చలి ఉండదు కాబట్టి ఆవిరి తొందరగా మాయమవ్వాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కి, కత్తిపారా దాటి జీఎస్టీ రోడ్డెక్కాక కూడా వెనక తెల్లగా కమ్ముకుంటోందంటే అది లెక్కలోకి తీసుకోవాల్సిన పొగ.

కూలెంట్ పొగకి ఒక తియ్యటి వాసన ఉంటుంది, గాలిలో తొందరగా చెదరదు. మొహం దగ్గర పెట్టి పీల్చకండి, కాస్త దూరం నుంచి చేత్తో విసురుకుంటే చాలు. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువవుతోంది. డీజిల్ బళ్ళలో ఇంజెక్టర్ సరిగా పనిచేయకపోయినా తెల్ల పొగే వస్తుంది, కానీ అందులో మండని డీజిల్ ఘాటు కళ్ళు మండిస్తుంది.

ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ

గ్యారేజీల్లో ఎక్కువగా తప్పుదారి పట్టించే సాక్ష్యం ఇదే. వేళచ్చేరిలో ఇల్లు, పక్కనే తరమణిలో ఆఫీసు అయితే ఆ కొద్ది దూరానికి ఇంజన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ ఆవిరైపోకుండా చల్లటి మూతకి అంటుకుని, ఆయిల్‌తో కలిసి పసుపు తెలుపు మీగడలా పేరుకుంటుంది. మూత కింద మాత్రమే మీగడ ఉండి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే తొందరపడకండి. మూత తుడిచేసి, ఒకసారి మాధవరం నుంచి తడ వైపు హైవే మీద ఏకబిగిన వెళ్ళిరండి. మీగడ మళ్ళీ రాకపోతే అది తేమే.

డిప్‌స్టిక్ మీదే ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగులోకి మారి, మట్టం పై గీత దాటిందంటే మాత్రం ఇంజన్ స్టార్ట్ చేయవద్దు, టోయింగ్ పిలిపించండి. అలాంటి ఆయిల్ బేరింగులని కాపాడదు. అప్పుడు కూడా ఒక మాట అడగాలి: ఈ మధ్య కారు నీళ్ళలో మునిగిందా? 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను అప్పుడు ఈ ఊళ్ళో ఎన్నో కార్లు నీట మునిగాయి. వాన నీరు కలిసిన ఆయిల్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. పాత కారు కొనేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. అనుమానం తీరకపోతే ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపవచ్చు. సోడియం, పొటాషియం, గ్లైకాల్ కనిపిస్తే వచ్చింది కూలెంట్ అన్నమాట.

పొద్దున స్టార్ట్ చేసే ఆ రెండు నిమిషాలు

రాత్రంతా ఆగిన ఇంజన్ చాలా చెబుతుంది. చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, మట్టం సరిచేసి, మూత బిగించి, రేడియేటర్ పై హోస్‌ని చేత్తో నొక్కి చూడండి. మెత్తగా ఉంటుంది. స్టార్ట్ చేయించండి. ఫ్యాను, బెల్టుల దగ్గర చెయ్యి పెట్టకండి. కూలెంట్ ఇంకా గోరువెచ్చగా కూడా కాకముందే, ఒకటి రెండు నిమిషాల్లోనే హోస్ రాయిలా గట్టిపడితే ఆ ఒత్తిడి వేడి వల్ల వచ్చింది కాదు, సిలిండర్ నుంచి వచ్చిన గ్యాస్. బాటిల్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా అదే అర్థం. ఈమధ్యే కూలెంట్ మార్చి ఉంటే మాత్రం లోపల చిక్కిన గాలి కూడా కొంతసేపు బుడగలుగా వస్తుంది, కాబట్టి గాలి పూర్తిగా తీశాకే తీర్పు ఇవ్వండి.

ఫోన్‌కి కనెక్టయ్యే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) ఉంటే కోడ్‌లు చూడండి. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్ (మంట సరిగా అంటుకోకపోవడం), పీ0302 అంటే రెండో దాంట్లో, అలా. పొద్దున మాత్రమే ఒకే సిలిండర్ మిస్సయి, నిమిషంలో సర్దుకుంటోందంటే రాత్రి అందులోకి కూలెంట్ ఊరిందని గట్టి అనుమానం. కాయిల్, ప్లగ్గు లోపమైతే సాధారణంగా ఇలా చల్లగా ఉన్నప్పుడే వచ్చి పోదు.

టెంపరేచర్ ముల్లుని మాత్రం పూర్తిగా నమ్మకండి. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరైన లెక్క చెబుతుంది. కూలెంట్ బాగా తగ్గిపోతే సెన్సర్ చుట్టూ ఆవిరే మిగిలి, ఇంజన్ కాగిపోతున్నా ముల్లు తక్కువ చూపించవచ్చు.

ప్లగ్గులు విప్పి చూడడం

నాలుగు ప్లగ్గులూ విప్పి, అట్టముక్క మీద నంబర్లు రాసి ఏది ఎక్కడిదో అక్కడే పెట్టండి. మూడు లేత గోధుమ రంగులో ఉండి, ఒకటి మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌లో ఆవిరి తిరుగుతోంది. కూలెంట్‌లోని రసాయనాలు దాని మీద తెల్లటి పొడిలా అంటుకుని ఉండవచ్చు కూడా. ఫోన్‌కి తగిలించే ఎండోస్కోప్ కెమెరాని ప్లగ్ రంధ్రంలోంచి దించితే ఇంకా స్పష్టం. మిగతా పిస్టన్ల తల మీద నల్లటి కార్బన్ ఉంటే, ఆ ఒక్కదాని మీద లోహం మెరుస్తూ ఉంటుంది.

ప్రెషర్ టెస్టర్: అసలు సాక్ష్యం ఇక్కడే దొరుకుతుంది

రేడియేటర్ మూత స్థానంలో బిగించే చేతి పంపు, దానికో మీటర్, అంతే పరికరం. ఇంజన్ చల్లగా ఉండగా మూత మీద ఎంత రాసి ఉందో అంత ఒత్తిడి దాకా మాత్రమే పంపు కొట్టండి. ఎక్కువ కొడితే మంచి రేడియేటర్ కూడా పగులుతుంది. పదిహేను ఇరవై నిమిషాలు ఆగండి. ముల్లు కదలకపోతే అలాగే వదిలేసి రాత్రంతా ఉంచమనండి. చిన్న లీకులు ఓపికకే లొంగుతాయి. ముల్లు పడిపోతోంది, బయట ఎక్కడా తడి లేదు, కార్పెట్ పొడిగా ఉంది అంటే పోయేది లోపలికే.

ఇప్పుడు ప్లగ్గులు విప్పండి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసేయండి, కాయిల్ కనెక్టర్లు ఊడదీయండి. ప్లగ్ రంధ్రాల మీద తెల్లటి పాత గుడ్డ పరిచి, మొహం పక్కకి పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. లీకున్న సిలిండర్ నుంచి సన్నటి జల్లు ఎగురుతుంది, గుడ్డ మీద ఆ రంధ్రం పైన ఆకుపచ్చ మరక పడుతుంది. ఇంతకన్నా సూటి రుజువు ఉండదు. మెకానిక్ దగ్గర నిలబడి "అన్నా, ఏ సిలిండరో గుడ్డ మీద చూపించు" అని అడగడానికి మొహమాటపడకండి. కొరుక్కుపేట వైపు తెలుగు మెకానిక్‌లు బాగానే ఉన్నారు, అక్కడ భాష ఇబ్బంది కూడా ఉండదు.

నీలి ద్రవం పరీక్ష

దీన్ని బ్లాక్ టెస్టర్ అంటారు. గాజు గొట్టంలో బ్రోమోథైమాల్ బ్లూ ద్రవం పోసి, రేడియేటర్ మూతి మీద ఆనించి, రబ్బరు బల్బు నొక్కుతూ లోపలి గాలిని ఆ ద్రవం గుండా లాగాలి. సిలిండర్ గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం పసుపుగా మారుతుంది. ఆన్‌లైన్‌లో కిట్టు దొరుకుతుంది, పని కూడా కష్టం కాదు. కానీ తప్పుగా చేసేవాళ్ళే ఎక్కువ.

మట్టం రెండు అంగుళాలు తగ్గించి మొదలుపెట్టాలి, లేకపోతే కూలెంటే గొట్టంలోకి వచ్చి ద్రవం పాడవుతుంది. మూత తెరిచే ఉంచి, చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా వేడెక్కనివ్వాలి. ద్రవం పాతదై పనిచేయడం లేదేమోనని అనుమానముంటే పరీక్ష అయ్యాక నోటితో గాలి ఊదండి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌కే అది పసుపు తిరగాలి. తిరక్కపోతే ఆ ద్రవం ఇచ్చిన 'అంతా బాగుంది' అన్న జవాబుకి విలువ లేదు.

పసుపు వస్తే సిలిండర్‌కి కూలెంట్‌కి దారి పడినట్టే, పెట్రోలు బండిలో దాదాపు ఖాయం. నీలంగానే ఉంటే మాత్రం బండి నిర్దోషి అని కాదు. లీకు బాగా వేడెక్కాకో, ఎత్తు ఎక్కేటప్పుడో మాత్రమే తెరుచుకోవచ్చు. కూలెంట్ ఆయిల్‌లోకి మాత్రమే పోతుంటే ఈ పరీక్షకి దొరకనే దొరకదు.

కంప్రెషన్, లీక్‌డౌన్

కంప్రెషన్ టెస్ట్ అంటే సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతోందో కొలవడం. పెట్రోలు ఇంజన్లలో మామూలుగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య వస్తుంది, మీ ఇంజన్ అంకె మాన్యువల్‌లో చూడాలి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువుంటే వాటి మధ్య గ్యాస్కెట్ తెగిందని అర్థం. కానీ కూలెంట్ సన్నగా ఊరే లీకులో కంప్రెషన్ మామూలుగానే రావచ్చు, అందుకే ఈ ఒక్కదాన్నే నమ్మి కొట్టిపారేయకండి. లీక్‌డౌన్ ఇంకా మేలు: పిస్టన్ పైకి వచ్చి వాల్వులు రెండూ మూసుకున్న స్థితిలో ప్లగ్ రంధ్రం గుండా గాలి ఎక్కించి, గాలి ఎక్కడ తేలుతోందో వినడం. ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే మనం వెతుకుతున్నదే.

డీజిల్, టర్బో బండి అయితే ఆగండి

ఈజీఆర్ కూలర్ అంటే వేడి ఎగ్జాస్ట్ గ్యాస్‌ని కూలెంట్‌తో చల్లార్చి మళ్ళీ ఇంజన్‌లోకి పంపే చిన్న పెట్టె. లోపలి గొట్టం పగిలితే కూలెంట్ నేరుగా ఎగ్జాస్ట్‌లోకో ఇన్‌టేక్‌లోకో పోతుంది. పొగ తెల్లగా వస్తుంది, మట్టం తగ్గుతుంది, ఆయిల్ శుభ్రంగా ఉంటుంది, కంప్రెషన్ బాగుంటుంది. ఇంకో చిక్కేమిటంటే అదే పగులు గుండా ఎగ్జాస్ట్ గ్యాస్ కూలెంట్‌లోకి వచ్చి నీలి ద్రవాన్ని కూడా రంగు మార్చగలదు. కాబట్టి డీజిల్ బండిలో ఆ పరీక్ష ఒక్కటే చూసి హెడ్ విప్పడం అన్యాయం. కూలర్ విప్పించి, ఒక కూలెంట్ మూతి మూసేసి, రెండో దానిలోంచి ఒక బార్ గాలి ఎక్కించి, వేడినీళ్ళ తొట్టిలో ముంచితే బుడగలు నిజం చెబుతాయి. చల్లటి నీళ్ళలో కొన్ని పగుళ్ళు దాక్కుంటాయి.

బాటిల్‌లో నల్లటి, గోధుమరంగు జిడ్డు తేలుతుంటే మొదట ఆయిల్ కూలర్‌ని అనుమానించండి. ఇంజన్ తిరిగేటప్పుడు ఆయిల్ ఒత్తిడి కూలెంట్ ఒత్తిడికన్నా చాలా ఎక్కువ, అందుకని ముందు ఆయిలే కూలెంట్‌లోకి వెళ్తుంది. కారు ఆపాక కూలెంట్ వెనక్కి ఆయిల్‌లోకి వస్తుంది. టర్బో లోపలి కూలెంట్ దారి పగలడం అరుదు. టర్బో వెనక పైపు విప్పితే లోపల తడి, తెల్లటి మరకలు కనిపిస్తాయి.

హెడ్ విప్పాల్సిందే అని తేలితే

రుజువు దొరికాక వాయిదా వేయకండి, స్టాప్‌లీక్ ద్రవాలు పోయకండి. అవి లీకుని ఎంత మూస్తాయో తెలీదు గానీ రేడియేటర్, హీటర్ కోర్‌ల సన్నటి దారుల్ని మూసే ప్రమాదం మాత్రం ఉంది.

గ్యాస్కెట్ ఎందుకు పోయిందో తేలకుండా కొత్తది వేయించడం డబ్బు దండగ. తిరగని ఫ్యాను, మూసుకుపోయిన థర్మోస్టాట్, పూడుకుపోయిన రేడియేటర్, ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఊళ్ళో ఇంకోటి కూడా ఉంది. సముద్రం పక్క ప్రాంతాల్లో బోరు నీళ్ళు ఉప్పగా, కఠినజలంగా ఉంటాయి. దారిలో దొరికిన ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి పోస్తే లోపల పొర కట్టి, లోహాన్ని కొరికి, గ్యాస్కెట్ అంచుని తినేస్తాయి. కలిపి అమ్మే కూలెంట్ కాకుండా చిక్కటిది కొంటే బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపండి.

హెడ్‌ని లేత్ వర్క్స్‌కి పంపినప్పుడు రెండు పనులు విడివిడిగా అడగండి. ఒకటి, వంపు లేని బద్ద ఆనించి ఫీలర్ గేజ్‌తో వంకర కొలవడం. చిన్న పెట్రోలు ఇంజన్లలో చాలా వాటికి 0.05 మి.మీ. చుట్టుపక్కలే హద్దు, మీ ఇంజన్‌కి ఎంతో మాన్యువల్ చెబుతుంది. రెండు, బీటల కోసం ప్రెషర్ టెస్ట్. ఫేసింగ్ (ముఖాన్ని చెక్కి చదును చేయడం) మాత్రమే చేసి పంపితే బీట అలాగే ఉండిపోవచ్చు. బ్లాక్ పై ముఖాన్ని కూడా కొలవాలి, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఒకసారి సాగే రకం హెడ్ బోల్టులు ఉన్న ఇంజన్‌కి పాతవి మళ్ళీ వాడకూడదు, కొత్తవి వేసి టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన వరసలోనే బిగించాలి. పుదుపేటలో పాత హెడ్లు దొరుకుతాయి. కొంటే అక్కడికక్కడే డబ్బు లెక్కపెట్టకుండా, టెస్ట్ అయ్యాకే ఇస్తామని మాట్లాడుకోండి. గ్యాస్కెట్, బోల్టుల్లాంటివి మాత్రం జీపీ రోడ్డులో కొత్తవే కొనండి.

బిగించాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, కూలెంట్ నింపి గాలి పూర్తిగా తీయించండి. ఆయిల్‌లో కూలెంట్ కలిసిన కేసైతే కొద్ది దూరం నడిపి ఆ ఆయిల్ మళ్ళీ మార్చడం మంచిది. చాలాకాలం కూలెంట్ కాలిన పెట్రోలు బండిలో ఆక్సిజన్ సెన్సర్, కెటలిటిక్ కన్వర్టర్ పాడై ఉండవచ్చు, చెక్ ఇంజన్ లైట్ ఆరకపోతే ముందు అక్కడ చూడండి. మార్కర్ గీత బాటిల్ మీదే ఉంచి, నెల పాటు పొద్దున్నే మట్టం రాసుకోండి. గీత కిందకి దిగితే గ్యారేజీకి ఆ కాగితం తీసుకెళ్ళండి.